ఎత్తిన చెయ్యి ఎవరిది?

ఆగకు తల్లీ, రాస్తూ ఉండు. కింద మీ నాన్న అరుస్తున్నాడని కలం వదిలేస్తే ఎట్లా? ఆయన అరుపు నీకు కొత్తా, నాకు కొత్తా? గడియ పెట్టావు కదా. సరే. నేను మెల్లగా చెప్తాను, నువ్వూ మెల్లగానే రాయి. చదువుకున్నదానివని నా మాటలు దిద్దకు. నేనెట్లా అంటే అట్లాగే పడాలి కాగితం మీద.

నీకు తెలిసినవే చెప్తానేమో. అయినా రాయి. ఇది వినాల్సిన మనిషికి అన్నీ తెలియవు.

నిన్న బేకరీ ఆయన వచ్చాడా. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నుంచున్నాడు. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా పిండి ఉండే మనిషి, నిన్న చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ శుభ్రమే నేను చూడలేకపోయా. బట్టీ వెలిగించి వారం అవుతోందిగా.

"మా చిట్టి కళ్ళు తెరిచింది," అన్నాడు. "తెరిచి, నన్ను ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. పేరు పెట్టి పిలిస్తే పలకట్లేదు. ఆ చూపు మీకు చెప్పినా అర్థం కాదు."

గుమ్మం పట్టుకుని మళ్ళీ ఆయనే అన్నాడు.

"రేపు పొద్దుగూకే లోపల మీ గువ్వని ఆ బుద్ధి ఎదగనివాళ్ళ హోంలో పెట్టండి. పెట్టకపోతే స్టేషన్‌కి వెళ్తా. వాళ్ళే వచ్చి ఎక్కించుకుపోతారు."

మీ నాన్న ఎదురు చెప్తాడనుకున్నా. "అట్లాగే అన్నా," అన్నాడు. అంతే. అట్లాగే అన్నా. నా కూతుర్ని ఇంట్లోంచి పంపడానికి రెండు మాటలు చాలాయి.

ఇవాళ పొద్దున లేచేసరికి మీ అమ్మ కుట్టుమిషన్ చప్పుడు. ఎవరో తొందరపెట్టిన గిరాకీ అనుకున్నా. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ గువ్వ బట్టలు. మెడ వెనకాల తెల్లగుడ్డ ముక్క పెట్టి పేరు కుడుతోంది.

"ఏంటమ్మా ఇది?"

"హోం వాళ్ళు చెప్పారు మామయ్యా. అందరి బట్టలూ ఒక్కచోటే ఉతుకుతారట. పేరు లేకపోతే కలిసిపోతాయట."

"బట్ట కలిసిపోతుందని ఇంత భయమా. మనిషి కలిసిపోతే?"

మిషన్ ఆపింది. నావైపు తిరగలేదు.

"నన్నంటారేం? నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన దగ్గర్నుంచీ ఆమె తల దువ్విందెవరు? నెలనెలా ఆమె గుడ్డలు ఉతికిందెవరు? మీరా? మీ కొడుకా? ఇప్పుడు అందరూ కూడబలుక్కుని నన్ను రాక్షసిని చెయ్యండి."

అని మళ్ళీ తొక్కడం మొదలెట్టింది. ఆ తొక్కుడు చూస్తే తెలిసింది, కాలు ఆగితే కళ్ళు ఆగవని. 

గువ్వ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఈ సంగతి రాయి, వివరంగా రాయి. గువ్వ నా చిన్న కూతురు, నీకు మేనత్త. ఏళ్ళు చూస్తే నలుగురు పిల్లల తల్లి అవ్వాల్సింది. మాటలు మాత్రం నాలుగే. నాన, అన్నం, వద్దు, పద. మిగతాదంతా చేతులతో చెప్తుంది. అటువంటిది, చిట్టి ఈతకొలనులో మునిగిన రోజు నుంచీ ఆ చేతులు కూడా మూగబోయాయి. కుడి చేత్తో ఎడమ చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే. అన్నానికి వదలదు, స్నానానికి వదలదు. నేను ముద్ద కలిపి పెడితే రెండు ముద్దలు తిని తల తిప్పేసుకుంటోంది. ముంజేతి మీద వేళ్ళ అచ్చులు పడిపోయాయి, కమిలిపోయి.

తలకి ఆ రోజు ఈతకి పెట్టుకున్న పసుపు రబ్బరు టోపీ. అది కూడా తియ్యనివ్వదు.

పొద్దున కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఎదురింటావిడ పిల్లని స్కూలుకి తీసుకెళ్తూ కిటికీలో గువ్వని చూసి, పిల్లని ఇటు పక్కనుంచి అటు పక్కకి మార్చుకుంది. ఆవిడే, మొన్న మొన్నటి దాకా "గువ్వక్కా, టాటా చెప్పు" అని పిల్ల చెయ్యి ఊపించిన మనిషి. గువ్వకి అర్థం కాదంటారు. అర్థం కాకపోతే కిటికీ కిందికి ఎందుకు వంగింది? నేను చూశా. దాక్కుంది.

నాకు అప్పుడు పట్టుకుంది భయం. పోలీసులంటే కాదు, బేకరీ ఆయనంటే కాదు. ఒక సందు సందంతా ఒక మనిషిని చూసి భయపడటం మొదలెడితే, ఆ మనిషి ఎక్కడికి పోవాలి?

మీ నాన్న ఫోను పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాడు. వారం నుంచీ ఈ ఇంట్లో ఫోను మోగితే ఎవరూ ఎత్తట్లేదు, ఆస్పత్రి నుంచి చెడ్డ కబురేమో అని. మోగి మోగి ఆగిపోయాక ఎవరిదా అని చూస్తున్నాం. వెర్రిబాగుల సంసారం.

"బండి మధ్యాహ్నం వస్తుందిట," అన్నాడు.

"ఏ బండి?"

"తెలిసీ అడుగుతారేం నాన్నా?"

"నీ నోటితో అనాలని."

"హోం బండి. చాలా? విన్నారా?" అని గోడకేసి గుద్దాడు. "నేనేమన్నా సరదాకి పంపుతున్నానా? స్టేషన్‌లో బల్ల మీద కూర్చోబెట్టి 'ఎందుకు ముంచావు చెప్పు' అని గద్దిస్తే ఏం చెప్తుంది మీ కూతురు? నాన, అన్నం అంటుందా? కొడితే ఎవరాపుతారు? హోం అయితే కనీసం..."

"కనీసం?"

"కనీసం తలుపులుంటాయి."

"ఉంటాయిరా. నేను చూశా. బయట నుంచి గడియ పెట్టే తలుపులు."

చూశాననే చెప్పా. నేను రంగులేసిన గోడల్లో ఆ హోం గోడలూ ఉన్నాయి. మీ నాన్నకి తెలుసు, అయినా మర్చిపోయినట్టు మొహం పెట్టాడు. మనిషెత్తు దాకా నల్ల ఆయిల్ పెయింటు కొట్టమన్నారు అక్కడ. ఎందుకయ్యా నలుపంటే, కడగడానికి సులువు అన్నారు. పాత రంగు గీకుతుంటే కిటికీ కింద గోడ నిండా గీతలు. పక్కపక్కనే, ఐదైదు. ఏంటా అని నా వేళ్ళు పెట్టి చూశా. సరిగ్గా సరిపోయాయి. లప్పం పెట్టి పూడ్చేసి పైన నలుపు కొట్టి వచ్చేశా. పని పని కదా. కానీ ఆ గోడ నాకు తెలుసు. గువ్వ ఆ కిటికీ కింద కూర్చుంటుందని తల్చుకుంటే నా గోళ్ళు నొప్పి పుడుతున్నాయి.

మీ నాన్న వింటూ వింటూ కూలబడ్డాడు. "మరి నన్నేం చెయ్యమంటారు నాన్నా? ఏదన్నా దారి చెప్పండి. చెప్పండి మరి."

 

ఈలాయన అప్పుడొచ్చాడు.

అందరికీ తెలిసినాయనే, అయినా రాయి. ఈతకొలను దగ్గర ఈత నేర్పే మేష్టారు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది గనక పిల్లలు పెట్టిన పేరు. ఆదివారం పొద్దున ఒక గంట సేపు కొలను గేటు అందరికీ తీయించింది ఆయనే. బుద్ధి ఎదగనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, కాళ్ళు రానివాళ్ళు, ఏ లోటూ లేని ఈ సందు పిల్లలు, అందరూ ఒకే నీళ్ళలో. మొదట్లో జనం నవ్వారు. తర్వాత వాళ్ళే తువ్వాళ్ళు పట్టుకుని వచ్చారు. తల మీద చెంబుడు నీళ్ళు పోస్తే ఇల్లెగిరిపోయేలా అరిచే గువ్వ, ఆ నీళ్ళలో బుడగలు ఊది నవ్వడం నేను గట్టు మీద కూర్చుని చూశా. నా కళ్ళకి పొర ఉన్నా ఆ నవ్వు కనిపించింది.

దానికో పద్ధతి ఉంది. ఒంటరిగా ఎవరూ నీళ్ళలో దిగకూడదు. జంటగా దిగాలి, లోతుకి అడ్డంగా కట్టిన తాడు దాటకూడదు. సాయం కావాల్సినవాళ్ళకి ఒకరు తోడు. మధ్యమధ్యలో ఈల ఊదుతాడు. ఊదగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగి, జంట చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. ఆయన మనుషుల్ని లెక్కపెట్టడు. చేతులు చూస్తాడు. ఒంటి చెయ్యి గానీ, చెయ్యి ఎత్తని మనిషి గానీ కనపడితే కొలను ఆపేస్తాడు. జంట గట్టెక్కితే తనూ గట్టెక్కాలి. ఇదీ పద్ధతి.

గువ్వకి జంట బేకరీ వాళ్ళ చిట్టి. ఎనిమిదేళ్ళ పిల్ల మా అమ్మాయికి తోడేంటి అన్నాను నేను. "తోడు పెద్దదేనండీ, పొట్టిగా ఉంటుందంతే," అన్నాడు ఈలాయన. నిజంగానే ఆ పిల్ల గువ్వని ఆడించేది, కోప్పడేది, టోపీ సర్దేది.

ఇవాళ ఆయన గుమ్మంలో నుంచుంటే మెడలో ఈల లేదు. గడ్డం మాసిపోయింది. మీ అమ్మ కూర్చోమనలేదు.

"కొలనుకి తాళం వేశారు సార్," అన్నాడు మీ నాన్నతో. "నా మీద విచారణంటున్నారు. ఒక్క మాట అడగటానికొచ్చా. ఆ రోజు నేను ఈల ఊదాను. చేతులన్నీ లేచాయి. ఒక్కటంటే ఒక్క ఒంటి చెయ్యి లేదు. తాడు పక్కన గువ్వమ్మ చెయ్యి కూడా ఇంకో చేతిలో ఉంది. నా కళ్ళతో చూశా. ఈ మాట మీరు కూడా..."

"అంటే?" అని లేచాడు మీ నాన్న. "ఈల ఊదినప్పుడు పిల్ల గువ్వ చేతిలోనే ఉంది. తర్వాత కాసేపటికే లోతు పక్కన తేలింది. అంటే మధ్యలో గువ్వే తాడు దాటించి ముంచింది. ఇదేగా నువ్వు చెప్పించాలనుకుంటున్నది నాతో?"

"నేను ఆ మాట అనలేదు సార్."

"సందంతా అంటోంది! నీ చేతుల కథ విన్నాకే కదా అంటోంది!"

"నాకూ ఇద్దరు పిల్లలున్నారు సార్. ఉద్యోగం పోతే..." ఖాళీ మెడ తడుముకున్నాడు. "నేను చూసింది చెప్పకుండా ఎట్లా ఉండను? చూడనిది ఎట్లా చెప్పను?"

 మిషన్ ఆగింది. నీకు గుర్తుందా? వంటింటి కర్టెన్ వెనకాల నువ్వు గ్లాసులో నీళ్ళు పట్టుకుని ఉన్నావు ఆయనకివ్వడానికి. ఇవ్వడానికి బయటికి రాలేదు.

నాకు గువ్వ చేతులే కనిపిస్తున్నాయి, ఆ కమిలిన ముంజెయ్యి. అందుకే అడిగా.

"మేష్టారూ, ఆ ఈల దగ్గరుందా?"

"జేబులో ఉంది బాబాయ్‌గారూ. ఎందుకు?"

"ఒక్కసారి ఊదు."

"మతి గానీ పోయిందా నాన్నా?" మీ నాన్న.

"పోతే పోయింది. ఈల వింటే అది తన చెయ్యి వదిలి ఇంకోళ్ళ చెయ్యి పట్టుకుంటుంది కదరా. వదిలితే ఒక ముద్ద తన చేత్తో తింటుంది. బండెక్కేముందు నా కూతురు కడుపు నిండా తినాలి. అంతే నాకు కావాల్సింది."

ఒట్టు, అంతే అనుకున్నా. ఇంకేం లేదు నా బుర్రలో.

ఈలాయన చొక్కా అంచుతో ఈల తుడిచాడు. ఊదాడు. నాలుగు గోడల మధ్య ఆ ఈల ఎంత పెద్దగా వినపడింది! గువ్వ టక్కున లేచింది. చేతులు విడిపోయాయి. "అమ్మయ్య," అంది మీ అమ్మ.

నేను పక్కనే ఉన్నా. చెయ్యి చాపా. నన్ను పట్టుకోలేదు. మీ అమ్మ పక్కనే కుర్చీలో ఉంది, ఆమెనీ పట్టుకోలేదు. మీ నాన్నని దాటింది. వారం వారం ఈత నేర్పిన మేష్టార్ని దాటింది. కర్టెన్ లాగింది. నీ చెయ్యి పట్టుకుంది.

గ్లాసు కింద పడింది.

నీ చెయ్యి పైకెత్తింది. ఎత్తి ఊరుకోలేదు. రెండో చేత్తో నిన్ను లాగుతోంది, స్నానాలగదివైపు, నీళ్ళవైపు. "పద. పద. పద." ఒకటే మాట. ఏడుపు మొహంతో. టోపీ కిందనుంచి చెమటలు.

"చూశారా, ఏం మర్చిపోలేదు మా గువ్వమ్మ," అన్నాడు ఈలాయన, తడి కళ్ళతో నవ్వుతూ. మీ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మీ నాన్న గోడవైపు తిరిగాడు. అందరూ గువ్వనే చూస్తున్నారు.

నేను నీ మొహం చూశా.

కొత్త గోడకి మొదటి పూత సున్నం కొడితే ఎట్లా ఉంటుందో తెలుసా? అట్లా ఉంది.

ఎందుకు ఆపావు? రాయి. రాయి తల్లీ. నేను కోపంగా ఉన్నానా? గొంతు పెంచానా? నీ పక్కనే కూర్చున్నా కదా, మంచం మీద, నీ భుజం తగిలేలా.

ఇంట్లో ఇంతమందిని దాటుకుని నీ దగ్గరికే ఎందుకొచ్చింది మీ అత్త? నేను అడుగుతున్నా. ఆ పెద్ద నీళ్ళలో, ఆ తాడు పక్కన, ఈల ఊదినప్పుడు గువ్వ చేతిలో ఉన్న చెయ్యి ఎవరిది?

నీకు జంట ఆ పొడుగాయన కదా. గట్టిగా చప్పుడైతే చెవులు మూసుకుని ఊగుతాడే, ఆయన. ఆయన ఎక్కడున్నాడు అప్పుడు?

చెప్పకపోయినా పర్లేదు. కూర్చుందాం కాసేపు.

సరే. ఇప్పుడు నువ్వన్నావే, అది రాయి. నీ మాట కూడా రాయి. నా మాటలే రాస్తే అది నేను కల్పించినట్టు ఉంటుంది.

"ఆయన చెవిలో నీళ్ళు పోయాయని మధ్యలోనే గట్టెక్కేశాడు తాతా. బట్టలు మార్చుకునే గదిలో తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. నేను కూడా ఎక్కెయ్యాలి. ఎక్కలేదు. గట్టు మీద నా ఫ్రెండ్ ఫోన్లో ఏదో చూపిస్తోంది. నీళ్ళలోనే నుంచుని చూస్తున్నా."

ఊఁ. తర్వాత?

"అత్త వచ్చి చెయ్యి పట్టుకుంది. లాగింది. ఈల వినపడింది. ఆటనుకున్నా తాతా. 'ఎత్తానులే అత్తా, ఎత్తాను' అని..."

అని?

"నవ్వాను తాతా. చెయ్యెత్తి నవ్వాను. అత్త 'పద పద' అంటూనే ఉంది. ఉండు అత్తా అని విదిలించుకున్నా. చిట్టి పక్కన లేదని నేను చూడలేదు. అసలు చూడలేదు."

ఏడువు. ఏడ్చినా రాస్తూ ఏడువు.

అంటే ఈలకి ముందే చిట్టి తాడు కిందనుంచి దూరిపోయింది. గువ్వ ఎవర్నీ ముంచలేదు. పిల్ల కనపడట్లేదని అందరికన్నా ముందు తెలిసింది గువ్వకే. ఎవరికి చెప్పుకోవాలో అదీ తెలిసింది. తన మనిషి దగ్గరికి వచ్చింది, నాలుగు మాటల్లో ఉన్న ఒక మాట చెప్పింది. ఆ చెయ్యెత్తడం వల్ల ఈలాయనకి అన్నీ సరిగ్గా కనపడ్డాయి.

ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని నేను అడగను. నువ్వే అన్నావుగా. "చిట్టి చచ్చిపోతే నేనే చంపినట్టు కదా తాతా. రేపు లేస్తుంది, లేచాక చెప్దాం అనుకున్నా. రేపు, రేపు అనుకున్నా." అర్థమైంది. పంతొమ్మిదేళ్ళ పిల్లవి. భయం నోరు మూసేస్తుంది. నాది మూయలేదా? ఆ నల్లగోడ వెనకాల గీతల సంగతి నేను ఇవాళ్టి దాకా ఎవరికన్నా చెప్పానా?

కానీ నీ భయం ఖరీదు మీ అత్త కడుతోంది. అదొక్కటే నేను చెప్పగలిగింది.

మీ నాన్నకి చెప్తే ఏమవుతుందో కూడా ఆలోచించా. నిన్ను కాపాడుకోవాలని చూస్తాడు. చూడక ఏం చేస్తాడు, కన్నకూతురివి. అప్పుడు వాడికి ఒక చేతిలో చెల్లెలు, ఒక చేతిలో కూతురు. బేకరీ ఆయన ముందు ఏ చెయ్యి వదులుతాడో నాకు తెలుసు. నీకూ తెలుసు. నిన్న "అట్లాగే అన్నా" అన్నది వాడే కదా.

ఈలాయనకి చెప్తే? ఆయన ఉద్యోగం ఆయనకి దక్కుతుంది. బండి ఆగుతుందా?

బండిని ఆపగలిగిన మనిషి ఒక్కరే. బేకరీ ఆవిడ. ఆయన అరుస్తాడే గానీ ఆ ఇంట్లో చివరి మాట ఆవిడది. మొదట్లో జంటలు వేస్తున్నప్పుడు గువ్వ పేరు చదివితే ఎవరూ ముందుకు రాలేదు. అందరూ చెప్పులు చూసుకుంటున్నారు. ఆవిడే లేచి, "మా చిట్టికి గువ్వమ్మ చెయ్యే కావాలి" అంది. ఆ మాట అన్నందుకు ఇప్పుడు తన్ను తాను తిట్టుకుంటూ ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉంటుంది, కూతురు గుర్తుపడుతుందేమో అని. ఆవిడకి నిజం చెప్పాలి. చెప్తే గువ్వని వదిలి నిన్ను పట్టుకోవచ్చు. చెంప పగలగొట్టొచ్చు. నేను అబద్ధం చెప్పను తల్లీ, ఏం చేస్తుందో నాకు తెలియదు. నాకూ భయమే. 

విన్నావా?

కిటికీలోంచి చూసి చెప్పు. ఏం బండి? తెల్లదా? కిటికీలకి ఇనప జాలీ ఉందా?

మధ్యాహ్నం అన్నాడు కదా మీ నాన్న, ఇంకా పన్నెండైనా కాలేదు.

సరే. భయపడకు. భయపడినా లే. కింద మీ నాన్న బ్యాగు తెస్తున్నాడు, చప్పుడు వినపడుతోంది. నేను దిగి గుమ్మానికి అడ్డంగా కూర్చుంటా. ముసలాణ్ణి, నన్ను దాటి తీసుకెళ్ళాలంటే ఎంతో కొంత సేపు పడుతుంది. కేకలేస్తారు, బతిమాలతారు, చివరికి భుజాలు పట్టుకుని లేపుతారు. ఎంతసేపు ఆపగలనో తెలియదు. అందుకని నేను నీతో రాలేను. ఒక్కదానివే వెళ్ళాలి. వెనక మెట్ల మీంచి దిగు. ముందు నుంచి వెళ్తే మీ అత్త నిన్ను చూస్తుంది, వెంట పడుతుంది.

కాగితాలు మడత పెట్టుకో. మడిచేముందు ఈ చివరి ముక్క రాయి.

అమ్మా, బేకరీ అమ్మా. ఇది చెప్పింది నేను, రాసింది నా మనవరాలు. నీ ముందు నుంచుని చదువుతున్నది కూడా అదే. మధ్యలో గొంతు ఆగితే కాస్త ఓపిక పట్టు, మళ్ళీ మొదలెడుతుంది. అంతా విన్నాక నీ ఇష్టం.

రాశావా? ఇక పరిగెత్తు తల్లీ. ఆస్పత్రి వరండాలో ఆవిడ ఎక్కడ కూర్చుంటే అక్కడే నుంచుని, ఒక్క ముక్క వదలకుండా, నవ్విన ముక్క కూడా వదలకుండా, ఇది ఆవిడకి చదివి వినిపించు.